వర్మిక్యులైట్, పెర్లైట్ రెండూ కొనాలా? తిరుపతి మిద్దె మీద నా అనుభవం

మీ ప్రశ్న చదివాను. చిత్తూరులో మిద్దె మీద ఇరవై గ్రో బ్యాగులు పెట్టారు. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పశువుల ఎరువు సమానంగా కలిపి నింపారు. రెండు నెలలకే మట్టి బిగుసుకుపోయి మిరప ఎదగడం లేదు. ఒకరు వర్మిక్యులైట్ మూడో వంతు కలపమన్నారు, ఇంకొకరు పెర్లైటే మంచిదన్నారు. రెండూ ఒకటేనా, రెండూ కొనాలా అని అడిగారు.

రెండూ ఒకటి కాదు, దాదాపు ఒకదానికొకటి ఎదురు పని చేస్తాయి. వర్మిక్యులైట్ నీళ్లు పట్టి ఉంచుతుంది. పెర్లైట్ నీళ్లను కిందికి వదిలి వేర్లకు గాలి ఆడేలా చేస్తుంది. మీ ఇరవై బ్యాగులకు మాత్రం ఈ రెండింట్లో ఏదీ కొననక్కర్లేదని నా అభిప్రాయం. నేను తిరుపతి కొర్లగుంటలో ఏడేళ్లుగా మిద్దెతోట పెంచుతున్నాను, రెండింటినీ వాడి నష్టపోయి నేర్చుకున్నదే చెబుతున్నాను.

ముందు పేరు సంగతి. షాపులో వర్మిక్యులైట్ అడిగితే వర్మికంపోస్ట్ ఇచ్చేవాళ్లు ఉన్నారు, నాకే అలా జరిగింది. వర్మికంపోస్ట్ వానపాముల ఎరువు. వర్మిక్యులైట్ అభ్రకం లాంటి పొరల రాయి. దాన్ని ఒక్కసారిగా బాగా వేడి చేస్తే పొరల మధ్య ఉన్న నీరు ఆవిరై, రాయి పురుగులా మెలికలు తిరుగుతూ పొడవుగా సాగుతుంది. లాటిన్‌లో పురుగు అనే మాట నుంచే ఆ పేరు వచ్చింది, అందుకే రెండు పేర్లూ అలా కలిశాయి. దీని గనులు మనకు దగ్గరగా, తమిళనాడు తిరుపత్తూరు జిల్లా సేవత్తూరులో ఉన్నాయి. పెర్లైట్ అగ్నిపర్వతం నుంచి వచ్చిన గాజు రాయి. దాన్ని 850, 900 డిగ్రీల దాకా వేడి చేస్తే లోపలి తేమ ఆవిరై మరమరాల్లా ఉబ్బుతుంది. తెల్లగా ఉంటుంది కాబట్టి కొందరు థర్మాకోల్ అనుకుంటారు. వేళ్ల మధ్య నలిపితే తెలిసిపోతుంది, పెర్లైట్ పొడి అవుతుంది.

ఈ రెండింట్లో ఏదీ ఎరువు కాదు. వర్మిక్యులైట్ తన పొరల్లో పొటాషియం, మెగ్నీషియం లాంటివి పట్టుకుని మెల్లగా వేర్లకు అందిస్తుంది, అది దానిలో మంచి గుణం. పెర్లైట్‌కు ఆ శక్తి దాదాపు లేదు.

ఇక నా నష్టం. 2021 సెప్టెంబరులో ఒక వీడియో చూసి పద్దెనిమిది బ్యాగుల్లో వర్మిక్యులైట్ మూడో వంతు కలిపాను. మొదటి నెల ఎంత బాగుందంటే, రెండు రోజులకు ఒకసారి నీళ్లు పోసినా టొమాటో పచ్చగా నిలబడింది. నవంబరులో వాన పట్టుకుంది. ఆ ఏడాది తిరుపతిలో వీధులు ఏరులై పారిన సంగతి మీకూ గుర్తుండే ఉంటుంది. బ్యాగులు రోజుల తరబడి ఆరలేదు. పన్నెండు టొమాటో మొక్కల్లో తొమ్మిది, మట్టి తడిగా ఉండగానే తలలు వాల్చేశాయి. నీళ్లు ఎక్కువైనా ఆకు వాలుతుందని నాకు అప్పటికి తెలియదు. పీకి చూస్తే వేర్లు గోధుమ రంగులో జిగటగా ఉన్నాయి. పట్టుకుని లాగితే పైతోలు ఊడి లోపల దారంలాంటిది మాత్రం మిగిలింది, కుళ్లు వాసన. వర్మిక్యులైట్‌ను వేళ్లతో నలిపితే పొరలు లేవు, మెత్తని ముద్ద అయిపోయింది. పక్కనే ముతక ఇసుకలో పెట్టిన రెండు అడీనియం (ఎడారి గులాబీ) కుండీలకు అదే వానలో ఏమీ కాలేదు. వర్మిక్యులైట్ బరువు కింద, పదేపదే నానితే నలిగిపోతుందని, అప్పుడు గాలికి చోటు కూడా పోతుందని అలా తెలిసింది. మనకు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది. ఆ మూడు నెలలు తలుచుకోకుండా ఇక్కడ మట్టి కలపకూడదు.

ఆ భయంతో మరుసటి ఏడాది అన్నిట్లో పెర్లైట్ 40 శాతం వేశాను. రోహిణి కార్తె దాకా కూడా ఆగలేదు, ఏప్రిల్‌లోనే తోటకూర, కొత్తిమీర పొద్దున పదకొండుకే వాడిపోయేవి. రోజుకు రెండుసార్లు నీళ్లు పోయాల్సి వచ్చింది. పోసిన ప్రతిసారీ ఎరువు సారం అడుగు రంధ్రాల్లోంచి కారిపోయి ఆకులు పసుపుపచ్చగా మారాయి. తేలిక కాబట్టి తెల్ల గింజలన్నీ పైకి తేలి గుట్టగా పడ్డాయి.

ఈ మూడో వంతు, సగం లెక్కలు ఎక్కడివంటే, 1960లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు గ్రీన్‌హౌస్‌ల కోసం మట్టి లేకుండా, సగం పీట్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు), సగం వర్మిక్యులైట్ లేదా పెర్లైట్‌తో మిశ్రమాలు తయారు చేశారు. కప్పు కింద, కొలిచి నీళ్లూ ఎరువూ ఇచ్చే చోట అవి చక్కగా పనిచేస్తాయి. మన మిద్దె మీద నడి ఎండా తగులుతుంది, తుఫాను వానా తగులుతుంది.

నేను ఇప్పుడు వీటిని నారుకు మాత్రం తప్పకుండా వాడతాను. ప్రోట్రేల్లో, అంటే నారు పెంచే గళ్ల ట్రేల్లో, కోకోపీట్ 3 పాళ్లు, వర్మిక్యులైట్ 1, పెర్లైట్ 1. గింజ పెట్టాక పైన మట్టి బదులు వర్మిక్యులైట్ పల్చగా చల్లుతాను. తేమ నిలుస్తుంది, పైన అట్ట కట్టదు, మొలక సులువుగా బయటికి వస్తుంది. రెండూ వేడిలో కాలి వచ్చినవి కాబట్టి కొత్త ప్యాకెట్లలో రోగం తెచ్చే శిలీంధ్రాలు ఉండవు. నారుకుళ్లు నాకు చాలా తగ్గింది. కోకోపీట్‌ను మాత్రం ముందుగా రెండు మూడు నీళ్లలో కడిగి పిండండి, అందులో ఉప్పు ఉంటుంది. ఇక అడీనియం, సక్యులెంట్లకు (ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునే మొక్కలకు) పెర్లైట్ సగం దాకా వేస్తాను. వాటిలో వర్మిక్యులైట్ అసలు వేయను.

పెద్ద బ్యాగులకు నా ఆధారం సగం కాలి నల్లగా ఉన్న వరి ఊక. నాయుడుపేట వైపు రైస్ మిల్లుల నుంచి ఒక బంధువు తెచ్చిపెడతాడు. పెర్లైట్ చేసే పని చాలావరకు ఇదే చేస్తుంది, ఖర్చు తక్కువ, తొందరగా చివికిపోదు. పూర్తిగా కాలిన తెల్ల బూడిద మాత్రం తేకండి. అది మట్టిలో క్షారం పెంచుతుంది, మా బోరు నీళ్లలో ఇప్పటికే సున్నం ఎక్కువ. నల్ల ఊకను కూడా ఒకసారి కడిగి వాడతాను. పది డబ్బాల మిశ్రమానికి ఎర్రమట్టి 3, బాగా మాగిన పశువుల ఎరువు 3, ఊక 2, కోకోపీట్ 2, పైన రెండు పిడికిళ్ల వేపపిండి. బరువు కూడా ఆలోచించండి. నలభై లీటర్ల బ్యాగు నిండా ఎర్రమట్టి పోసి తడిపితే 60 కిలోలకు పైమాటే, ఇరవై బ్యాగులంటే స్లాబు మీద చిన్న భారం కాదు.

మీ మట్టి ఎందుకు బిగుసుకుందంటే, ఎర్రమట్టిలోని సన్న బంక రేణువులు, చివికిన ఎరువు, కోకోపీట్ పొడి కలిసి సందులన్నీ పూడ్చేశాయి. పొలంలో నీళ్లు దిగడానికి లోతు ఉంటుంది, బ్యాగులో అడుగునే ఆగిపోతాయి. అడుగున రాళ్ల పొర వేస్తే నీళ్లు పోతాయని చాలామంది చెబుతారు, నేనూ వేశాను, దానివల్ల లాభం లేదు. సన్న మట్టిలోని నీరు పెద్ద రాళ్ల సందుల్లోకి సులువుగా దిగదు, పైమట్టి పూర్తిగా నానితే గానీ కిందికి రాదు. ఆ బురద పొర వేర్లకు ఇంకా దగ్గరవుతుంది, అంతే. రంధ్రం మీద ఒక పెంకు ముక్క చాలు. బ్యాగును రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. వానాకాలంలో కింద ప్లేట్లు తీసేయండి. ఎండాకాలంలో పైన శెనక్కాయ పొట్టు రెండంగుళాలు కప్పి, 50 శాతం షేడ్ నెట్ కట్టండి. వీటితోనే నాకు సగం సమస్య తీరింది.

నారుకోసం కొంటే కిలో లెక్కన కాక లీటర్ల లెక్కన అడగండి. పెర్లైట్ చాలా తేలిక, కిలో అంటే సుమారు పది లీటర్లు, తేమ పట్టిన సరుకైతే కిలోకి తక్కువ వస్తుంది. సంచి విప్పేముందు మాస్క్ పెట్టుకుని, లోపలే కొంచెం నీళ్లు చిలకరించి తరవాత కలపండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, పిల్లలను దగ్గరికి రానివ్వకండి. అమెరికాలోని లిబీ గని వర్మిక్యులైట్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ అనే నార ఖనిజం కలిసి ఉండేది, ఆ గని 1990లో మూతపడింది. కాబట్టి ఎక్కడిదో తెలియని పాత సరుకు చవగ్గా వస్తుందని తీసుకోకండి.

ఇరవై బ్యాగులూ ఒకేసారి తిరగబోయకండి. బాగా దెబ్బతిన్న ఒక్క మిరప మొక్కను సాయంత్రం పూట వేర్లు కదలకుండా తీసి పక్కన పెట్టి, ఆ మట్టిలో ఐదో వంతు నల్ల ఊక కలిపి మళ్లీ నాటండి. నాటాక నీళ్లు పోసి చూడండి. పైన నిలవకుండా నిమిషంలోపు ఇంకిపోవాలి, కింద కారడం కాసేపట్లో ఆగిపోవాలి. పది రోజుల తరవాత కొత్త చిగురు వస్తే మిగతావి చేయండి. రాకపోతే ఆ మొక్క వేరు ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.