“సీటొచ్చిందా?” అని రోజూ ఫోను

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంజినీరింగ్ సీటు కోసం ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, అంటే నాకు కావలసిన కాలేజీల వరుస, ఫ్రీజ్ చేసేశాను. మొదట కాకినాడ జేఎన్‌టీయూ పెట్టాను. నా ర్యాంకుకి అది అత్యాశేమో, అందువల్ల కింద ఉన్నవీ పోతాయేమోనని భయం. అర్ధరాత్రి లేచి లాగిన్ అవుతున్నాను. పెద్దమ్మ రోజూ “సీటొచ్చిందా?” అంటుంది. నాన్నగారు మాత్రం ఏమీ అడగరు. కాయల దింపు లేని రోజున కూడా పొద్దున్నే కొబ్బరితోటలోకి వెళ్లిపోతున్నారు.

జవాబు: అమ్మా, ముందు ఆ భయం తీసెయ్. నీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు నీ జాబితాను పైనుంచి కిందికి చూస్తారు. మొదటిది దొరక్కపోతే రెండోది, అదీ నిండిపోతే మూడోది. పైన ఆశ పెట్టుకున్నందుకు కింది సీటు ఎవరూ లాక్కోరు. ఇష్టంలేని కాలేజీని పక్కింటివాళ్లు చెప్పారని పైకెక్కించేవాళ్లకే అసలు చిక్కు. అది నువ్వు చేయలేదు కదా.

అర్ధరాత్రి లాగిన్ సంగతి చదివి నవ్వాను, ఏమీ అనుకోకు. ధవళేశ్వరంలో గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకొచ్చి మొదటి వరద హెచ్చరిక పడితే లంకల్లోవాళ్లు ఏం చేస్తారు? గట్టున పుల్ల గుచ్చి అప్పుడప్పుడు చూసుకుంటూ, బియ్యం బస్తాలు అటకెక్కిస్తారు. నువ్వూ ఆ పని చెయ్యి. టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఉంటే కుల, ఆదాయ పత్రాలు, అన్నిటికీ జిరాక్సులు ఒక కవర్లో పెట్టు. అలాట్‌మెంట్ వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, గడువులోగా కాలేజీకి వెళ్లి రిపోర్ట్ చేయకపోతే వచ్చిన సీటూ పోతుంది. కంగారు పడాలంటే దాని గురించి పడు. ఫోను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే చాలు.

పెద్దమ్మకి ఓ పని అప్పగించు. “కాకినాడలో మంచి లేడీస్ హాస్టల్ కనుక్కోవా పెద్దమ్మా” అను. వారం రోజులు చుట్టాలందరినీ వాయించి నిన్ను వదిలేస్తుంది.

నన్ను ఆపేసింది మాత్రం నీ ఆఖరి మాట. దింపు లేని తోటలో ఆయనకేం పని? ఫీజు గురించో, నిన్ను దూరం పంపడం గురించో, ఆయన బెంగ ఆయనకుంది. ఏమిటన్నది నేను చెప్పలేను. నువ్వూ అడగలేదు. రేపు టీ పట్టుకుని తోటలోకి వెళ్లు. “సీటు రాకపోతే ఏం చేద్దామండీ నాన్నగారూ?” అని నువ్వే మొదలుపెట్టు. ఫోను ఇంట్లోనే వదిలెయ్. ఈలోగా పెద్దమ్మ చేస్తే మీ అమ్మ ఎత్తుతుందిలే.