పీజోమీటరు నీళ్ళు, పొలం మట్టి: నమూనా తీసేటప్పుడు ఏది తప్పకూడదు?

ఫ్లోరైడు పల్లెల్లో పనిచేసే సంస్థలో కొత్తగా చేరాననీ, పీజోమీటర్ల నీటిమట్టం కొలిచి, నీళ్ళూ పక్క పొలాల మట్టీ పరీక్షకు పట్టాలనీ, ఏది తప్పితే పని మొత్తం పాడవుతుందనీ అడిగారు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఇదే పని చేశాను కాబట్టి అక్కడ నేర్చుకున్నదే చెబుతాను.

సీసాలో పట్టినవి ఏ నీళ్ళో ముందు మీకు తెలియాలి. పీజోమీటరు అంటే భూగర్భ నీటిమట్టం కొలవడానికి వేసిన, ఎవరూ వాడుకోని బోరు. కేసింగులో, అంటే బోరుకు దించిన పైపులో, నెలల తరబడి నిలిచిన నీళ్ళు, రాతి పగుళ్ళలో కదిలే నీళ్ళలా ఉండవు. నిలిచిన నీళ్ళలోంచి కార్బన్ డయాక్సైడు పోయి పీహెచ్ పెరుగుతుంది, కాల్షియం సున్నంగా పేరుకుంటుంది, ఇనుప పైపైతే తుప్పు కలుస్తుంది. మన గ్రానైటు నేలల్లో ఫ్లోరైడు కథంతా ఈ కాల్షియంతోనే ముడిపడి ఉంది. కాల్షియం తగ్గి సోడియం, బైకార్బొనేటు పెరిగిన నీళ్ళే రాతిలోని ఫ్లోరైడును ఎక్కువగా కరిగించుకుంటాయి. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనిచోట 1.5 దాకా. ఈ రెంటి మధ్య ఊగే ఊళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ నిల్వ నీళ్ళు పట్టి తెస్తే, ఆ ఊరి నీళ్ళు మంచివో కావో ఆ రిపోర్టు చూసి ఎవరూ తేల్చలేరు.

అందుకే ముందు తోడాలి. 100 మిల్లీమీటర్ల పైపులో మీటరుకు దాదాపు 8 లీటర్లు పడతాయి. పైపులో నిలిచిన నీళ్ళ ఎత్తు 30 మీటర్లుంటే 240 లీటర్ల దాకా. పాత పద్ధతిలో దానికి మూడింతలు, అంటే 700 లీటర్ల పైచిలుకు తోడి పారబోయాలి. కానీ లీటర్లు లెక్కపెట్టడం కన్నా నీళ్ళ గుణం చూపే మీటరును చూడటం నాకు నమ్మకం. మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి పీహెచ్, విద్యుత్ వాహకత, ఉష్ణోగ్రత రాసుకోండి. వరుసగా మూడుసార్లు పీహెచ్ 0.1 లోపు, వాహకత 3 శాతం లోపు మాత్రమే మారితే రాతి పగుళ్ళ నుంచి కొత్త నీళ్ళు వస్తున్నట్టు. చిన్న పంపు ఉంటే నిమిషానికి అర లీటరు మించకుండా నిదానంగా తీయండి, మట్టం పెద్దగా పడిపోదు, బురద లేవదు. గట్టి రాతిలో కొన్ని బోర్లు తోడగానే ఎండిపోతాయి. వాటిని ఒకసారి ఖాళీ చేసి, ఊరిన నీళ్ళనే 24 గంటల లోపు పట్టండి.

నీటిమట్టం మాత్రం తోడకముందే కొలవాలి. కేసింగు అంచు మీద ఒకచోట పెయింటు గుర్తు పెట్టి ఎప్పుడూ అక్కడి నుంచే టేపు వదలండి. టేపు 14.35 మీటర్లు చూపి, పైపు నేలకు 0.60 మీటర్లు పైకి ఉంటే నీళ్ళు నేలకు 13.75 మీటర్ల లోతున ఉన్నట్టు. పైపు ఎత్తు రాయని రిజిస్టర్లు నేను చాలా చూశాను. ఏళ్ళ తరబడి కష్టపడి రాసిన అంకెలు అలా అక్కరకు రాకుండా పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

పక్క బోర్ల సంగతి మాన్యువల్‌లో ఒక్క వాక్యమే ఉంటుంది, ఫీల్డులో సగం పని అదే. 2018 జనవరిలో తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక, ఆటో స్టార్టరున్న మోటారు ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. ఒకే పగులు మీద ఉన్న బోరు కాస్త దూరంలో నడిచినా మీ పీజోమీటరులో నీళ్ళు దిగిపోతాయి. ముందురోజు సాయంత్రమే వెళ్ళి, "రాత్రికి మోటారు బంద్ పెట్టు తాతా, పొద్దుగాల నీళ్ళ లోతు కొలుస్తం" అని అడగండి. నాకు కాదన్నవాళ్ళు అరుదు. ఆపడం కుదరకపోతే ఏ బోరు నడుస్తోందో రిజిస్టరులో రాయండి.

సీసాల విషయం: ఫ్లోరైడుకు గాజు వద్దు, ప్లాస్టిక్‌లోనే పట్టండి. లోహాల పరీక్షకు పట్టే సీసా వేరు, 0.45 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టి, పీహెచ్ 2 కన్నా తగ్గేదాకా నైట్రిక్ ఆమ్లం వేయాలి. లేకపోతే పట్టినప్పుడు తేటగా ఉన్న నీళ్ళలోని ఇనుము దారిలోనే అడుగుకు చేరుతుంది. నైట్రేటు సీసాను ఐసుపెట్టెలో పెట్టి రెండు రోజుల్లోగా ల్యాబుకు చేర్చండి.

ఇక మట్టి. ముందు ఎందుకు తీస్తున్నారో తేల్చుకోండి, ఎందుకంటే ఎరువుల సిఫారసుకూ కాలుష్యానికీ పద్ధతులు పూర్తిగా వేరు. ఎరువుల కోసమైతే పంట కోశాక, మళ్ళీ ఎరువు వేయకముందు, పొలమంతా అడ్డదిడ్డంగా నడుస్తూ 10, 15 చోట్ల 15 సెంటీమీటర్ల లోతున V ఆకారంలో గుంత తీసి, అంచు నుంచి పలచగా ఒక పొర గీకి తీసుకోండి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలోకు తెచ్చి నీడలో ఆరబెట్టండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలు పోసిన చోట వద్దు. ఒకే మడిలో చెలక, నల్లరేగడి రెండూ ఉంటే రెండు నమూనాలు. జింకు చూడాలంటే జింకు పూత బకెట్టు ముట్టకండి. రైతులు ఆప్యాయంగా తెచ్చిచ్చే ఖాళీ యూరియా సంచిలో మట్టి అసలే పోయకండి.

కాలుష్యం కోసమైతే కలపకూడదు. కలిపితే ఒకచోట ఉన్న విషం పది చోట్ల మట్టిలో పలచబడి కనిపించకుండా పోతుంది. ప్రతి చోటు, ప్రతి లోతు విడివిడిగా పట్టాలి. ఆవిరయ్యే ద్రావకాలు ఉన్నాయని అనుమానముంటే ఆరబెట్టకుండా గాజు సీసాలో ఖాళీ లేకుండా నింపి వెంటనే మూత బిగించండి. నీళ్ళైనా మట్టైనా, శుభ్రమైన చోట మొదలుపెట్టి చెడిన చోటికి వెళ్ళండి, మధ్యలో పనిముట్లు కడగండి. పదింటికొకటి అదే చోట జంట నమూనా తీసి, వేరే నంబరు వేసి పంపండి.

మీ పీజోమీటర్ల వ్యాసం, లోతు, దగ్గరున్న పంపు ఏదో రాస్తే ఎన్ని లీటర్లు తోడాలో లెక్కవేసి చెబుతాను.