సంచిలో ప్రతిసారీ బరువు ఎక్కువ పడుతోందా?

తిరిగే స్క్రూతో పౌడర్ నింపే మెషీన్‌లో 25 కిలోల సంచి నింపితే ఒకసారి 150, ఇంకోసారి 250 గ్రాములు ఎక్కువ వస్తోందని, బరువు కొలిచే లోడ్‌సెల్ మార్చినా అంతేనని రాశారు. పాపం, దాని తప్పేం లేదండీ. డిస్‌ప్లేలో 25 పడి స్క్రూ ఆగే క్షణానికి, స్క్రూ మూతికీ సంచికీ మధ్య కొంత పౌడర్ ఇంకా గాల్లోనే ఉంటుంది. మీకు ఎక్కువొస్తున్నది అదే.

సగటున 200 గ్రాములు ఎక్కువైతే 24.8 దగ్గరే ఆగేలా కటాఫ్ పెట్టండి. దీంతో సగటు కుదురుతుంది గానీ సంచికీ సంచికీ తేడా పోదు. అది తగ్గాలంటే రెండు వేగాలు కావాలి: 23 కిలోల దాకా ఫుల్ స్పీడు, తర్వాత సన్నటి ధార. త్రాసులో తూచేటప్పుడు చివర్లో చిటికెడు చిటికెడుగా వేస్తాం చూడండి, అదే పని.

స్క్రూకి సరుకు అందించే తొట్టి, అదే హాపర్, దాని మీద కూడా ఓ కన్నేయండి. నిండుగా ఉన్నప్పుడు స్క్రూలోకి సరుకు బిగువుగా దిగుతుంది, అడుగంటాక వదులవుతుంది, దాంతో పడే ధారా మారుతుంది. మట్టం మరీ పడిపోనివ్వకండి.

రెండు వేగాల పద్ధతికి పేటెంట్ వేద్దామా అన్నారు. రాదు, అది ఎప్పట్నుంచో వాడుకలో ఉన్నదే. స్క్రూ మూతికి స్ప్రింగు తలుపు పెట్టాలన్న మీ ఆలోచన వేరు, ముందు పాత పేటెంట్లలో వెతకండి. దాని డ్రాయింగ్ మాత్రం ఇక్కడ పెట్టొద్దు. దరఖాస్తుకు ముందే బయటపెడితే చాలా దేశాల్లో పేటెంటుకు కావాల్సిన కొత్తదనం పోయినట్టే లెక్క.