మేనల్లుడికి, కొత్త ఉద్యోగంలో చేరే ముందు

చిరంజీవి మేనల్లుడికి, అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నీకు ఉద్యోగం వచ్చిన సంగతి చెప్పాడు. అది ఏ ఉద్యోగమో చెప్పడానికి మాత్రం వాడికి చాలాసేపు పట్టింది. ముందు ఆరోగ్య విభాగమన్నాడు, తరువాత స్త్రీల సంక్షేమమన్నాడు, నేను గట్టిగా అడిగితే గొంతు తగ్గించి, నెలసరి ఆరోగ్య కార్యక్రమానికంతటికీ నిన్ను అధికారిగా నియమించారని చెప్పాడు. ఇద్దరు అక్కల మధ్య పెరిగినవాడు, ఆడపిల్లను కన్నవాడు, ఈ వయసులో ఆ ఒక్క మాట పలకడానికి అంత ఇబ్బంది పడితే, రేపటి నుంచి నువ్వు దానిని వందల మంది ఎదుట రోజూ పలకబోతున్నావు గదా అనిపించి, నాకు గర్వమూ భయమూ ఒక్కసారే కలిగాయి. నిద్ర పట్టక లేచి కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మగవాడు ఈ పదవిలో ఎలా ఉంటాడని నిన్ను అడిగేవారు తప్పకుండా ఉంటారు. వారి మీద కోపం తెచ్చుకోవద్దు, వారు అడగడం న్యాయమే. నెలసరి సమయంలో వాడే వస్తువులు అవసరమైన వారందరికీ ఉచితంగా అందాలని స్కాట్లండ్‌లో 2021లో చట్టం చేశారు. అది 2022 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. ఆ రోజుల్లోనే అక్కడి టేసైడ్ ప్రాంతంలో ఆ పనిని సమన్వయం చేసే అధికారిగా ఒక పురుషుణ్ణి నియమిస్తే పెద్ద దుమారం లేచింది. సబబైన విమర్శతోపాటు బెదిరింపులూ దూషణలూ వచ్చిపడ్డాయి. కొద్ది వారాలకే ఆ పదవినే తీసివేశారు. ఆ వార్త చదివిన రోజున ఆ మనిషిని తలచుకుని జాలిపడ్డాను, ఆ పదవే పోయిందని మరింత బాధపడ్డాను. నిన్న మీ నాన్న మాట్లాడుతున్నంతసేపూ నాకు అదే గుర్తుకు వచ్చింది.

అయినా, అడిగేవారి మనసులో ఉన్నదేమిటో నువ్వు తెలుసుకోవాలి. స్త్రీ శరీరం గురించి పురుషులు అడగకుండానే తీర్పు చెప్పిన చరిత్ర చాలా పొడుగైనది. డిఫ్తీరియా పరీక్షను కనిపెట్టిన బేలా షిక్ అనే గొప్ప వైద్యుడు, బహిష్టులో ఉన్న పనిమనిషి ముట్టుకున్న పువ్వులు వాడిపోయాయని చూసి, ఆ సమయంలో స్త్రీ శరీరం నుంచి ఒక విషం వెలువడుతుందని 1920లో రాశాడు. దానికి శాస్త్రీయమైన పేరు కూడా పెట్టారు, ఆ విషాన్ని వెదుకుతూ మరికొందరు ఏళ్లు గడిపారు. ఇక, ప్యాడ్లూ, లోపల పెట్టుకునే టాంపాన్లూ కప్పులూ ఒక్కొక్కటి ఎంత పట్టగలవో నిజమైన రక్తంతో కొలిచి పోల్చిన పరిశోధన 2023లో గాని వెలువడలేదు. అంతకు ముందు ఉప్పునీటితోనో మామూలు నీటితోనో కొలిచి సరిపెట్టుకున్నారు. కోట్ల మంది ప్రతి నెలా వాడే వస్తువును అది పట్టవలసిన రక్తంతో కొలిచి చూడాలని ఇంతకాలం తోచలేదంటే, ఏది పరిశోధించాలో నిర్ణయించే బల్లల చుట్టూ ఎవరు కూర్చున్నారన్న ప్రశ్న రాకుండా ఉంటుందా? నిన్ను ప్రశ్నించేవారు నిన్నొక్కడినే ప్రశ్నించడం లేదు, ఆ బల్లలన్నిటినీ ప్రశ్నిస్తున్నారు.

అలాగని నువ్వు ఈ పదవిని వదులుకోవాలని నేను అనను. ఎందుకు అనలేనో చెప్పాలంటే, ఇంతవరకు మీ ఇంట్లో ఎవరికీ చెప్పని ఒక సంగతి చెప్పాలి.

నేను నర్సుగా చేసిన 32 ఏళ్లలో నాలుగేళ్లు ఒక విద్యాసంస్థ ఆరోగ్య కేంద్రంలో పనిచేశాను. అక్కడికి ఒక అమ్మాయి ప్రతి నెలా వచ్చేది. పదిహేడేళ్లుంటాయి. కడుపు పట్టుకుని వంగిపోయి నడిచేది, వాంతులు చేసుకునేది, ఒకసారి బల్ల మీదకు ఎక్కేలోపలే స్పృహ తప్పి పడిపోయింది. నేను మాత్ర ఇచ్చి, వేడినీళ్ల సంచి ఇచ్చి, పక్కన కూర్చుని తల నిమిరేదాన్ని. నీ వయసులో నాకూ ఇలాగే ఉండేదమ్మా, నేను ఈ నొప్పితోనే చదువుకున్నాను, ఈ నొప్పితోనే రాత్రి డ్యూటీలు చేశాను, ఆడపుట్టుక పుట్టాక తప్పదు, ఒక బిడ్డ పుడితే అదే పోతుంది అని చెప్పేదాన్ని. ఎంతో ప్రేమగా చెప్పాను. ఆ ప్రేమే ఆ పిల్లకు చెరుపు చేసింది.

ఆ సమయంలో మా కేంద్రానికి ఒక యువ వైద్యుడు కొన్ని నెలల కోసం వచ్చాడు. నెమ్మదైనవాడు. అతడు పాత రిజిస్టర్లు ముందు వేసుకుని, ఆ అమ్మాయి పేరు ఎన్ని నెలలు, ఎన్ని రోజులు వచ్చిందో లెక్క కట్టాడు. ఏడాదిలో దాదాపు నలభై రోజులు ఆమె తరగతికి వెళ్లలేదని తేలింది. ఇది మామూలు నొప్పి కాదేమో సిస్టర్, పెద్దాసుపత్రిలో స్త్రీవ్యాధి నిపుణులకు చూపిద్దాం అని కాగితం రాశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ నొప్పి గురించి మీకేం తెలుసు డాక్టరు గారూ, మీరు మగవారు, ఈ పిల్లను నలుగురిలో రోగిష్టిదానిగా నిలబెట్టకండి అన్నాను. అతడు ఎర్రబడిపోయి, క్షమించమని చెప్పి, ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నేను ఒక ఆడపిల్ల పక్షాన నిలబడ్డాననే అనుకున్నాను.

ఆరేళ్ల తరువాత ఆ అమ్మాయి నేను పనిచేసే వార్డుకే వచ్చింది. చిన్న గాటు పెట్టి కెమెరా గొట్టంతో కడుపు లోపల చూసే లాపరోస్కోపీలో ఎండోమెట్రియోసిస్ అని తేలింది. గర్భాశయం లోపల ఉండవలసిన పొరను పోలిన కణజాలం బయట పెరగడమే ఆ జబ్బు. అప్పటికే ఒక అండాశయం మీద పెద్ద తిత్తి ఏర్పడి, లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ప్రసవవయసులో ఉన్న స్త్రీలలో సుమారు 10 శాతం మందికి, అంటే ప్రపంచంలో దాదాపు 19 కోట్ల మందికి, ఈ వ్యాధి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది బయటపడడానికి ఏళ్లకు ఏళ్లు పట్టడానికి నావంటి వారి ఓదార్పు మాటలు ఒక ముఖ్య కారణం. నేను మంచం పక్కన నిలబడి క్షమించమని అడిగాను. ఆమె నన్ను ఒక్క మాట తిట్టలేదు. మీరు ఆడవారు గనుక మీకు తెలిసే ఉంటుందని నమ్మాను, అందుకే తరువాత ఇంకెవరినీ అడగలేదు అన్నది.

నేను నా ఒంటిని కొలబద్దగా పెట్టి ఆమె నొప్పిని కొలిచాను. ఆ వైద్యుడికి అటువంటి కొలబద్ద లేదు, అందుకే రిజిస్టరు తెరిచి రోజులు లెక్కపెట్టాడు. తనకు తెలియదన్న సంగతి మరవని మగవాడు ఈ పని చేయగలడని నేను నమ్ముతున్నది ఆ కాగితం ముక్క వల్లనే. కాని ఇంకొకటి కూడా విను. పక్కగుడ్డలు తడిసిపోతున్నాయని, గడ్డలు పడుతున్నాయని, మలవిసర్జన సమయంలో ప్రాణం పోతున్నట్టు ఉంటుందని ఆ పిల్ల చెప్పుకున్నది నాతోనే. అతడు అడిగితే తల వంచుకుని బాగానే ఉన్నానండీ అనేది. ఆమె నాతో చెప్పిన మాటలూ, అతడు కట్టిన లెక్కా ఒక కాగితం మీదకు వచ్చి ఉంటే ఆరేళ్లు మిగిలేవి. నువ్వు అధికారిగా ఉండు, కాని ఆ మాటలు వినే చోట స్త్రీలను ఉంచు. వారికి జీతం ఇప్పించు, సంతకం చేసే అధికారం ఇప్పించు. సలహాదారులనే పేరు పెట్టి టీ ఇచ్చి పంపించే సమావేశాలు నేను చాలా చూశాను.

ఇక్కడ నిన్ను కొంచెం మందలించాలి. నీతోపాటు ఇంటర్వ్యూకు వచ్చిన ఒకావిడ పదేళ్లుగా ఇదే రంగంలో పనిచేస్తున్నదని మీ నాన్న మాటల మధ్యలో అన్నాడు. ఆమెను కలిశావా? ఫలితం వచ్చిన తరువాత ఒక ఫోనైనా చేశావా? చేసి ఉండవు, నీకు మొహమాటం ఎక్కువ. ఆమె కంటే నిన్ను ఎందుకు ఎంచుకున్నారో నియామక సంఘాన్ని నోరు తెరిచి అడుగు. వారు చెప్పిన కారణం నీకే సబబుగా తోచకపోతే, చేరే ముందే ఆ మాట వారికి చెప్పు. అందుకు కావలసిన ధైర్యం నీకు ఉందని నాకు తెలుసు. కారణం సబబైనదే అయితే, చేరిన మొదటి వారంలోనే ఆమె దగ్గరకు వెళ్లి, ఇప్పటివరకు ఏ పనులు ఎక్కడ ఆగిపోయాయో అడిగి తెలుసుకో.

మిగిలినవి నీకు తెలిసినవే. మరుగుదొడ్డిలో నీళ్లు, సబ్బు, లోపలి నుంచి పడే గడియ, మూత ఉన్న చెత్తబుట్ట లేకుండా ప్యాడ్లు పంచి ప్రయోజనం లేదు. ఉచితంగా ఇచ్చేవాటిని ఎవరినీ అడగకుండా, ఎక్కడా పేరు రాయకుండా తీసుకునే చోట పెట్టు. ఒకే రకం కొనవద్దు, ప్యాడ్లు వాడేవారు, గుడ్డలు వాడేవారు, కప్పులు వాడేవారు ఉంటారు. టాంపాన్ ఇచ్చే ప్రతిచోటా 8 గంటలు దాటి ఉంచుకోరాదని రాయించు, 1980 ప్రాంతంలో టాంపాన్లు వాడినవారికి టాక్సిక్ షాక్ అనే బాక్టీరియా విషపు జబ్బు వచ్చి అమెరికాలో ప్రాణాలు పోయాయి. మే 28న, అంటే 2014 నుంచి నెలసరి పరిశుభ్రతా దినంగా జరుపుతున్న రోజున, నిన్ను వేదిక మీదకు పిలుస్తారు. మగవాడై ఉండి ఎంత గొప్ప మనసు అని పొగుడుతారు. ఆడవారు చేసినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టని పనికి నీకు దండ వేస్తే, ఆ దండ మెడలో పడకముందే పక్కన ఉన్నవారికి మైకు ఇచ్చేయి. చవకగా ప్యాడ్లు చేసే యంత్రాన్ని తయారుచేసిన మురుగానందం గారి పేరు చెప్పి నిన్ను ఆయనతో పోలుస్తారు కూడా. ఆయన తన ప్యాడ్లను పరీక్షించుకోవడానికి ఫుట్‌బాల్ బ్లాడరులో జంతువుల రక్తం నింపి, నడుముకు కట్టుకుని తిరిగిన సంగతి అందరూ చెబుతారు. తన యంత్రాలను పెద్ద కంపెనీలకు అమ్ముకోకుండా స్త్రీల సంఘాల చేతికి అప్పగించిన సంగతిని నువ్వు గుర్తుపెట్టుకో.

అన్నిటికంటే నాకు భయం ఒకటే. ప్యాడ్ల లెక్క తేలికగా కనిపిస్తుంది గనుక నీ కార్యక్రమమంతా ప్యాడ్ల పంపిణీగా మారిపోతుందేమోనని. ఎన్ని పెట్టెలు కొన్నారు, ఎన్ని పంచారు అని పైవారు అడుగుతారు. నొప్పితో ఎన్ని రోజులు పోయాయని ఎవరూ అడగరు. నువ్వు అడుగు. ఏ ఫారం తయారుచేసినా అందులో ఆ గడి ఉండాలి. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తరువాతి నెలసరి మొదటి రోజుకు 24 నుంచి 38 రోజులు, స్రావం 8 రోజులకు మించకుండా ఉండడం మామూలని ఫిగో అనే స్త్రీవైద్యుల అంతర్జాతీయ సమాఖ్య నిర్ణయించింది. ఆ హద్దులు దాటినవారు, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చవలసి వచ్చేవారు, నొప్పితో చదువో పనో మానుకునేవారు వైద్యుల దగ్గరకు వెళ్లాలని ప్రతి గోడ మీదా ఉండాలి. రక్తం తగ్గి, మెట్లెక్కితే ఆయాసపడుతూ, అది తమ బద్ధకమని తిట్టించుకున్న పిల్లలను నేను ఎందరినో చూశాను. వారి పెదవులు పాలిపోయి ఉండేవి.

నీకు తొమ్మిదేళ్లప్పుడు మీ అక్క గదిలో ముడుచుకుని పడుకుని ఉంటే, నువ్వు గడప దగ్గర నిలబడి అక్కకు ఏమైందత్తయ్యా, చచ్చిపోతుందా అని ఏడ్చావు. నీకు గుర్తుందో లేదో. నేను నర్సును, ఆ ఇంట్లో ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, అయినా మగపిల్లాడికి ఎందుకు, పోయి ఆడుకో అని తరిమేశాను. నువ్వు ఆడుకోవడానికి వెళ్లలేదు. సాయంత్రం వరకు ఆ గుమ్మం బయటే కూర్చున్నావు, నాయనా. నిన్న మీ నాన్న ఫోన్ పెట్టేశాక నాకు ఆ గుమ్మమే కళ్ల ముందు మెదిలింది.

నేను పైన రాసిన అమ్మాయితో ఈ ఉదయమే మాట్లాడాను. ఇప్పుడామె నడివయసు మనిషి. నీ ఉద్యోగం గురించి చెప్పి, నువ్వు ఒకసారి కలవవచ్చునా అని అడిగాను. చాలాసేపు ఊరుకుని, రమ్మనండి, కాని నా పేరు ఏ సమావేశంలోనూ చెప్పకూడదు, నేను చెప్పేటప్పుడు మధ్యలో పరిష్కారాలు చెప్పకూడదు అన్నది. వచ్చే ఆదివారం పది గంటలకు వస్తానని నీ తరఫున మాట ఇచ్చాను. ఆలస్యం చేయకు. నీ ఫారం చిత్తుప్రతి కూడా వెంట తీసుకుని వెళ్లు, ఆమె చదివి దిద్దుతానన్నది.

ఇట్లు,
నీ మేనత్త