జీతమూ టూరిస్టుల మీదే, అప్పూ టూరిస్టుల మీదేనా?

ప్రశ్న: మాది కాకినాడ. ఏడు నెలల క్రితం నేనూ మావారూ ఉద్యోగాల కోసం అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ వచ్చాం. ఆయన ఒక హోటల్లో అకౌంట్స్ చూస్తారు, జీతం 34,000. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, 21,000 వస్తుంది. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 38,000 అవుతుంది, అత్తమామలకు 7,000 పంపుతాం. బ్యాంకులో 1.6 లక్షలు, నాకు నాలుగు కాసుల బంగారం ఉన్నాయి. మావారి స్నేహితుడు స్కూటర్లు కొని టూరిస్టులకు అద్దెకిస్తే ఒక్కో బండికి రోజుకు 500 వస్తుందంటున్నాడు. ఆరు బండ్లకని యాప్‌లో 4 లక్షల పర్సనల్ లోన్ (15 శాతం వడ్డీ, మూడేళ్లు), బంగారం మీద 2.5 లక్షలు తీసుకుందామనుకుంటున్నాం. పర్సనల్ లోన్ శాంక్షన్ అయింది. ముందుకెళ్లొచ్చా?

జవాబు: వద్దమ్మా. లోన్ శాంక్షన్ అయినా సరే, వద్దు.

మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాయడానికి కారణం ఉంది. ఊరు మారి కొత్త ఉద్యోగాల్లో కుదురుకుంటున్న జంటలు చాలామంది ఈ పొరపాటే చేస్తున్నారు. జీతం ఏ వ్యాపారం మీద ఆధారపడి వస్తోందో, అప్పు చేసి పెట్టుబడి కూడా ఆ వ్యాపారంలోనే పెడుతున్నారు. మీవారి జీతం హోటల్ నుంచి, అంటే టూరిస్టుల నుంచి. స్కూటర్ల అద్దె కూడా టూరిస్టుల నుంచే. మీ స్కూల్లో ఫీజులు కట్టే తల్లిదండ్రుల్లో ఎంతమంది హోటళ్లలో, ట్రావెల్స్‌లో, బోట్ల మీద పని చేస్తున్నారో ఒక్కసారి లెక్కేసుకోండి. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడినప్పుడు అండమాన్‌లో నెలల తరబడి టూరిస్టు అన్నవాడే లేడు. అలాంటిది మళ్లీ వస్తే ఆయన జీతం, బండ్ల అద్దె ఒకే వారంలో ఆగిపోతాయి, ఈఎంఐ మాత్రం ఆగదు.

అంత పెద్ద విపత్తు దాకా ఎందుకు, వర్షాకాలం చాలు. మీరు వచ్చి ఏడు నెలలే కాబట్టి ఏడాది మొత్తం ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు, సముద్రం బాగోలేకపోతే హావ్‌లాక్ ద్వీపానికి వెళ్లే ఫెర్రీలు రద్దవుతాయి, వచ్చే జనం పలచబడతారు. మీవారి స్నేహితుడు చెప్పిన 500 డిసెంబరు లెక్క. ఆరు బండ్లు, నెలకు పాతిక రోజులు, 75,000 అని కాగితం మీద రాసుకుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది, కానీ జులైలో ఆరు బండ్లూ ఇంటి ముందు తడుస్తూ నిలబడినప్పుడు లెక్క ఏమిటో ఆయన చెప్పాడా? ఉప్పుగాలికి తుప్పు పట్టే చెయిన్లు, బ్రేకులు, పడేసి తెచ్చిన బండి రిపేరు, ఏటేటా ఇన్సూరెన్సు, వీటి లెక్క చెప్పాడా? పైగా అద్దెకు తిప్పే బండికి లైసెన్సు కావాలి, నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. మామూలు తెల్ల ప్లేటు బండిని అద్దెకిచ్చి, అది యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిము ఇవ్వకపోవచ్చు. అప్పుడు ఆ భారం మీ మీదే పడుతుంది.

ఇప్పుడు మీ అంకెలే చూద్దాం. 55,000 వస్తోంది, 45,000 పోతోంది, మిగిలేది 10,000. మీరు తీసుకోబోయే పర్సనల్ లోన్ ఈఎంఐ దాదాపు 13,870. గోల్డ్ లోన్ వడ్డీ 10 శాతం అనుకున్నా నెలకు మరో 2,080, అసలు అలాగే ఉంటుంది. అంటే నెలకు దాదాపు 16,000 కట్టాలి, మీ చేతిలో మిగిలేది పది వేలు. ప్రతి నెలా 6,000 లోటుతోనే మొదలవుతున్నారు. బండ్లు తిరగని నాలుగు నెలలకు లోటే 24,000, రిపేర్లు అదనం, అదంతా ఆ 1.6 లక్షల్లోంచే పోవాలి. ఈ స్థితిలో ఉన్నవాళ్లకు అడగ్గానే నాలుగు లక్షలు ఇచ్చే యాప్‌లను చూస్తే నాకు నిజంగానే కోపం వస్తుంది. అప్పు సులువుగా పుట్టిందంటే మీకు తీర్చే స్తోమత ఉందని అర్థం కాదు.

అసలు నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఎమర్జెన్సీ ఫండ్ గురించి, అంటే ఆపద వస్తే వాడుకోవడానికి విడిగా ఉంచే డబ్బు గురించి. కాకినాడలో ఉంటే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి చాలు అనేవాణ్ణి. మీకూ మెయిన్‌ల్యాండ్‌కూ మధ్య సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం ఉంది. విశాఖ ఓడ ఎప్పుడో గానీ ఉండదు, దొరికినా రెండున్నర రోజుల ప్రయాణం, కాబట్టి అత్యవసరమంటే విమానమే, అది కూడా ఆ పూట ఎంత రేటు ఉంటే అంత. రేపు కాకినాడ నుంచి మీ అత్తగారికో మామగారికో బాగోలేదని ఫోన్ వస్తే ఇద్దరికీ రానూపోనూ టికెట్లకే మీ నెల మిగులు మొత్తం ఊడ్చుకుపోవచ్చు.

మీకే ఏదైనా అయితే? జి.బి. పంత్ ఆసుపత్రి ఉంది, చాలా వైద్యం అక్కడే అవుతుంది. కానీ కొన్ని పెద్ద కేసుల్ని ఇప్పటికీ చెన్నైకి పంపుతారు. మనిషిని స్ట్రెచర్ మీద విమానం ఎక్కించాలంటే ఒక టికెట్‌తో పని కాదు, వరుసగా కొన్ని సీట్లు కొనాలి, ప్రయాణం చేయించొచ్చని డాక్టరు సర్టిఫికెట్ కావాలి, వెంట వెళ్లేవాళ్ల టికెట్లు వేరు. చెన్నైలో దిగాక ఆసుపత్రి దగ్గర గది అద్దె, భోజనాలు, జీతం లేని సెలవులు. హెల్త్ ఇన్సూరెన్సు ఉన్నా మామూలు పాలసీలు వీటిలో చాలావాటికి పైసా ఇవ్వవు, అంబులెన్సుకని ఏదో కొంత పరిమితి పెట్టి ఊరుకుంటాయి. క్యాష్‌లెస్ ఆసుపత్రి దగ్గర్లో లేకపోతే ముందు మీరే కట్టి తర్వాత బిల్లులు పంపుకోవాలి. అందుకే ఇన్సూరెన్సు ఉంది కదా, ఫండ్ ఎందుకు అనే మాట ద్వీపంలో ఉన్నవాళ్లకు అస్సలు పనికిరాదు.

మీకు తొమ్మిది నెలల ఖర్చు ఉండాలి, అంటే 4 లక్షల పైమాటే. ఒక్కసారిగా కుదరదు, నాకు తెలుసు. మొదట ఆరు నెలల ఖర్చు, 2.7 లక్షలు చేయండి. ఉన్న 1.6 లక్షలు తీసేస్తే కావాల్సింది 1.1 లక్షలు. ఇన్సూరెన్సు ప్రీమియంలకు పక్కన పెట్టగా నెలకు 7,500 వేస్తే ఏడాదీ మూడు నెలల్లో అయిపోతుంది. ఆ తర్వాత కూడా ఆపకండి. సగం సేవింగ్స్ ఖాతాలో, సగం ఎప్పుడంటే అప్పుడు విరిచుకునే ఎఫ్‌డీలో, వీలైతే రెండు బ్యాంకుల్లో పెట్టండి. ఇంట్లో కూడా 10,000 నగదు ఉంచుకోండి, తుపాను రోజుల్లో కరెంటూ నెట్టూ పోతే యూపీఐ పని చేయదు. బంగారాన్ని కదపకండి, ఫండ్ కూడా చాలని రోజు వస్తే అదే మీకు చివరి ఆసరా.

ఇన్సూరెన్సు సంగతి. మీవారి హోటల్ గ్రూప్ పాలసీ ఇస్తున్నా అది ఉద్యోగం ఉన్నంతవరకే, మీ ఉద్యోగాలు చూస్తే ఏడు నెలలవి. సొంతంగా 10 లక్షల ఫ్లోటర్, అంటే ఇద్దరికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ, ఈ నెలలోనే తీసుకోండి, వీలైతే ఎయిర్ అంబులెన్సు రైడర్‌తో (పాలసీకి అదనంగా చేర్చుకునే కవర్). 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. బీపీ, షుగరు, పాత ఆపరేషన్లు ఏవున్నా దాచకండి, చిరునామా పోర్ట్‌బ్లెయిర్‌దే ఇవ్వండి. పిల్లల ఆలోచన ఉంటే ప్రసూతి ఖర్చులు పాలసీ ఇవ్వడానికి ఎన్నాళ్లు ఆగాలో (వెయిటింగ్) ముందే అడగండి. మీ సంపాదన మీద అత్తమామలు కూడా ఆధారపడ్డారు కాబట్టి ఇద్దరూ టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకోండి. సిప్, పీపీఎఫ్, ఊళ్లో స్థలం, ఇవన్నీ 2.7 లక్షలు నిండాకే.

స్కూటర్ల మీద మీవారికి నిజంగా మనసుంటే ఒక వర్షాకాలం గడవనివ్వండి. ఆ నాలుగు నెలలూ స్నేహితుడి బండ్లు రోజుకు ఎన్ని బయటికెళ్లాయో ఆయన్నే నోట్‌బుక్‌లో రాసుకోమనండి. ఫండ్ పూర్తయ్యాక, అప్పు లేకుండా, లైసెన్సు ఉన్నవాళ్లతో కలిసి ఒక్క బండితో మొదలుపెడితే నాకు అభ్యంతరం లేదు.

ఇక శాంక్షన్ అయిన లోన్. డబ్బు ఇంకా ఖాతాలో పడకపోతే ఇవాళే యాప్‌లో రద్దు చేసి, ఆ స్క్రీన్‌షాట్, ఈమెయిల్ దాచుకోండి. ఒకవేళ ఈలోపు పడిపోయి ఉంటే ఒక్క రూపాయి కూడా ముట్టుకోకుండా లోన్ ఒప్పందం తెరిచి చూడండి, అందులో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకుని లోన్ వెనక్కిచ్చే గడువు, రాసి ఉంటుంది. ఆ గడువులోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు, ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి. గడువు కనీసం ఒక్క రోజే ఉండొచ్చు కాబట్టి వారాంతం దాకా ఆగకండి.