ఫస్టియర్ ఎంబీబీఎస్ పిల్లల్ని అప్పుడే వార్డులోకి ఎందుకు తీసుకెళ్తున్నారు? వాళ్ళకేం తెలుసని?

ఏమీ తెలీదు, అందుకే తీసుకెళ్తారు. ముందు ఫస్టియరంతా అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీతోనే సరిపోయేది, పేషెంట్ మొహం చూసేది సెకండియర్లోనే, అప్పటికి చదివిందాంట్లో సగం మర్చిపోయుంటారు. 2019లో కొత్త కరిక్యులమ్ వచ్చాక పేషెంట్లని మొదట్లోనే చూపించే ఎర్లీ క్లినికల్ ఎక్స్‌పోజర్ అని ఫస్టియర్‌లోనే పెట్టేశారు.

అంటే ట్రీట్‌మెంట్ చేయిస్తారని కాదు, భయపడబాకండి. ఉదాహరణకి తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ పిల్లలకి పక్కనే రుయా ఆస్పత్రి ఉంది కదా, క్లాసులో బిలిరుబిన్ (కామెర్లొస్తే ఒంట్లో పెరిగే పసుపు పదార్థం) గురించి చెప్పి వార్డులో కామెర్లొచ్చినాయన కళ్ళు చూపిస్తే ఆ పాఠం ఇంక మర్చిపోరు, అట్లే మింగేటప్పుడు గొంతు దగ్గరుండే థైరాయిడ్ గడ్డ ఎందుకు పైకి కదుల్తుందో అనాటమీ బుక్కులో పది సార్లు చదివేదానికంటే ఒకసారి పేషెంట్‌ని నీళ్ళు మింగమని చూస్తే చాలు. కొన్నిసార్లు పేషెంట్‌ని క్లాసుకే పిలిపిస్తారు, లేదంటే కేసు షీటు, రిపోర్టులు ముందర పెట్టి మాట్లాడిస్తారు.

నన్నడిగితే అసలు లాభం మాట్లాడ్డం నేర్చుకోడమే. రుయాకి పల్లెల నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ, తమిళం మాట్లాడేవాళ్ళూ వస్తారు, ఆలిండియా కోటాలో వచ్చిన హిందీ పిల్లలకైతే "ఎన్నాళ్ళనించి నొప్పి" అని అడగడమే పెద్ద పరీక్ష. పర్మిషన్ అడక్కుండా ముట్టుకోకూడదు, పేషెంట్ ముందర నవ్వుకోకూడదు, ఇవి కూడా అక్కడే అలవాటవ్వాల.

కాకపోతే ఒకే మంచం చుట్టూ ముప్పై మంది నిలబడితే వెనకోళ్ళకి ఏం కనపడదు, చిన్న బ్యాచులైతేనే ఉపయోగం.