డెస్మండ్ టూటూ మతాధిపతా, రాజకీయ నాయకుడా?

ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ పేరు వింటే దక్షిణాఫ్రికాలోని వర్ణవివక్ష వ్యతిరేక పోరాటమే తప్ప చర్చి గుర్తుకు రాదనీ, మతాధిపతి హోదా చాటున ఆయన నడిపింది రాజకీయమే కదా అనీ, చివరకు తెల్లవారిని అంత తేలికగా క్షమించడం న్యాయమేనా అనీ మీరు అడిగారు. ఈ రెండు సందేహాలకూ మూలం ఒకటే కాబట్టి కలిపే సమాధానం చెబుతాను. నేను దోర్నకల్ అధ్యక్ష ఖండంలోని ఒక పల్లె సంఘంలో పెరిగాను. ఉద్యోగరీత్యా కేప్‌టౌన్ వెళ్లి, ఆయన ఇంకా ప్రజాజీవితంలో ఉన్న కాలంలో అక్కడ కొన్నేళ్లు నివసించాను. మన సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) కూడా టూటూ చర్చి ఉన్న ఆంగ్లికన్ సహవాసంలో భాగమే కనుక సెయింట్ జార్జ్ కథెడ్రల్‌లో ఆరాధనకు వెళ్లడం అలవాటైంది. అక్కడ చూసినదాన్నీ, తరువాత చదివినదాన్నీ బట్టి నా నిశ్చితాభిప్రాయం ఏమిటంటే, టూటూ మొదటి నుంచి చివరి వరకూ గురువే, అంటే చర్చి పాదిరీయే. గురువు చేయవలసిన పనిని ఆయన అక్షరాలా చేయబోతే, ఆ దేశంలో అది రాజకీయమైంది. దీనికి సాక్ష్యం ఆయన తెల్లవారి ప్రభుత్వాన్ని ఎదిరించిన సందర్భాలలో కంటే, తన సొంత పక్షాన్ని ఎదిరించిన సందర్భాలలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఆయన 1931 అక్టోబరు 7న ట్రాన్స్‌వాల్ ప్రాంతంలోని క్లర్క్స్‌డార్ప్‌లో పుట్టారు. తండ్రి జకరయ్య మెథడిస్టు బడిలో ప్రధానోపాధ్యాయుడు. తల్లి అలేథా ఇళ్లలో పనిచేసి, తరువాత అంధుల పాఠశాలలో వంటమనిషిగా కుదిరారు. ఆ పాఠశాల దగ్గరే జరిగిన ఒక చిన్న సంఘటనను టూటూ జీవితాంతం చెబుతూ వచ్చారు. పొడవాటి అంగీ వేసుకున్న ఒక తెల్ల గురువు అటుగా వెళుతూ, వంటపని చేసే నల్లజాతి స్త్రీ అయిన తన తల్లికి టోపీ తీసి నమస్కరించారు. ఆయన ట్రెవర్ హడిల్‌స్టన్. కుర్రవాడైన టూటూకు క్షయ సోకి ఏడాదికి పైగా ఆసుపత్రిలో ఉన్నప్పుడు వారం వారం పుస్తకాలు పట్టుకొని చూడటానికి వచ్చినవారు కూడా ఆయనే. ఈ హడిల్‌స్టనే తరువాతి కాలంలో హిందూ మహాసముద్ర ప్రాంతానికి ఆర్చిబిషప్ అయ్యారు. టోపీ తీయడం అంత పెద్ద విషయమా అని కొందరికి అనిపించవచ్చు. దొర ఎదురైతే చెప్పులు చేతపట్టుకొని పక్కకు తప్పుకోవలసిన తెలంగాణ పల్లెల్లో మా తాతల తరం బతికింది. మా ఇంట్లో ఈ కథ చెప్పినప్పుడు ఎవరూ వివరణ అడగలేదు.

టూటూకు డాక్టర్ కావాలని ఉండేది. వైద్య కళాశాలలో సీటు వచ్చినా ఫీజుకు ఉపకార వేతనం దొరకక ఉపాధ్యాయుడయ్యారు. 1955లో లేయాను పెళ్లి చేసుకున్నారు. నల్లజాతి పిల్లలకు కావాలనే తక్కువ స్థాయి చదువు చెప్పించే 1953 నాటి బాంటూ విద్యా చట్టం అమలులోకి రావడంతో, ఆ పనిలో భాగస్వామి కాలేనని ఉద్యోగం వదిలేశారు. గురువు కావాలన్న నిర్ణయం వెనుక మొదట గొప్ప దైవపిలుపు ఏమీ లేదనీ, అప్పటికి అందుబాటులో ఉన్న దారి అదేననీ తరువాత ఆయనే దాచకుండా చెప్పారు. అయితే ఆయన చేరిన రోసెటన్‌విల్‌లోని సెయింట్ పీటర్స్ వేదాంత కళాశాలను హడిల్‌స్టన్‌కు చెందిన పునరుత్థాన సమాజపు సన్యాసులు నడిపేవారు. నియమిత వేళలలో ప్రార్థన, మౌనం, ప్రతిదినం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసాల సంస్కారం), ఉపవాసం అనే క్రమం అక్కడ అలవడింది. 1960లో డీకన్‌గా (గురువుకు ముందు మెట్టు), 1961లో గురువుగా అభిషేకం పొందిన నాటి నుంచి ఆరోగ్యం సహకరించినంత కాలం ఆయన ఆ క్రమాన్ని విడిచిపెట్టలేదు.

నేను కళ్లారా చూసింది ఆ క్రమాన్నే. పదవీ విరమణ చేసిన తరువాత కూడా ఊళ్లో ఉన్నప్పుడు శుక్రవారం ఉదయం సెయింట్ జార్జ్‌లో సంస్కారపు ఆరాధన ఆయనే జరిపేవారు. పెద్ద సమూహమేమీ ఉండేది కాదు. ఆఫీసులకు వెళ్లేవారు, వృద్ధులు, పేరు విని వచ్చిన పర్యాటకులు కొందరు ఉండేవారు. బయట సభల్లో గలగలా నవ్వుతూ చేతులు ఊపుతూ కనిపించే మనిషి, బల్ల దగ్గర నిలబడగానే గొంతు తగ్గించి ప్రతి మాటనూ నిదానంగా పలికేవారు. రోగుల కోసం, దేశాల కోసం, యుద్ధాలలో చిక్కుకున్నవారి కోసం జరిగే విజ్ఞాపన ప్రార్థన అందులో చాలా భాగం తీసుకునేది. ఆరాధన అయ్యాక కొత్తవారిని ఎక్కడి నుంచి వచ్చారని అడిగేవారు. నేను దక్షిణ ఇండియా సంఘం అని చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. తెల్లవారుజామునే లేచి ప్రార్థనలో గడపడం, శుక్రవారం రాత్రి భోజనం వరకు ఉపవాసం ఉండటం ఆయన నియమాలని దగ్గరివారు చెప్పేవారు. రాజకీయం కోసం వేసుకున్న వేషమైతే ఎవరూ చూడని ఆ వేళల్లో దాని అవసరం ఏముంది? 2021 డిసెంబరు 26న, 90 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఆయన కోరినట్టే అన్నింటికంటే చవకైన పైన్ చెక్క పెట్టెలో ఆ కథెడ్రల్‌లోనే ఉంచి, అస్థికలను అక్కడి ప్రధాన బలిపీఠం కిందనే భద్రపరిచారు.

మధ్యలోని ఏళ్లను త్వరగా చెబుతాను. 1962 నుంచి 1966 వరకు లండన్ కింగ్స్ కాలేజీలో వేదాంతం చదివారు. అక్కడ పోలీసు తమను ‘సర్’ అని పిలుస్తాడన్న ఆనందం కోసం, దారి తెలిసినా ఆయనా లేయా దారి అడిగేవారట. తిరిగి వచ్చి అలీస్ పట్టణంలో బోధిస్తున్నప్పుడు, 1968లో ఫోర్ట్ హేర్ విశ్వవిద్యాలయ విద్యార్థులను పోలీసులు కుక్కలతో చుట్టుముడితే, ఆ వలయంలోకి వెళ్లి పిల్లల పక్కన నిలబడ్డారు. తరువాత లెసోతోలో, మళ్లీ ఇంగ్లండ్‌లో పనిచేశారు. 1975లో జోహానెస్‌బర్గ్ కథెడ్రల్‌కు డీన్ (ప్రధాన గురువు) అయిన తొలి నల్లజాతీయుడు ఆయనే. తెల్లవారి పేటలోని అధికారిక నివాసం వద్దని నల్లజాతివారి వాడ అయిన సొవేటోలో కాపురం పెట్టారు. అక్కడి పిల్లల కళ్లలోని కోపం దగ్గర నుంచి చూసి, 1976 మే నెలలో ప్రధానమంత్రి ఫోర్‌స్టర్‌కు ఉత్తరం రాసి, పరిస్థితి చేయి దాటబోతోందని హెచ్చరించారు. ఫోర్‌స్టర్ దాన్ని రాజకీయ ప్రచారమని కొట్టిపారేశారు. జూన్ 16న సొవేటోలో బడిపిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు.

ఆ తరువాత లెసోతో బిషప్‌గా ఉన్నారు. 1978లో దక్షిణాఫ్రికా చర్చిల మండలికి ప్రధాన కార్యదర్శి అయ్యారు. డెన్మార్క్ వెళ్లి, మా దేశపు బొగ్గు కొనవద్దని బహిరంగంగా చెప్పినందుకు పాస్‌పోర్టు లాక్కున్నారు. మండలి లెక్కలపై ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. 1984లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఓస్లోలో బహుమతి ప్రదానం జరుగుతుండగా బాంబు బెదిరింపుతో సభను ఖాళీ చేయించి, కొంతసేపటి తరువాత మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది.

మీ ప్రశ్నకు నా దృష్టిలో అసలు జవాబు 1985 జూలైలో ఉంది. అప్పుడాయన జోహానెస్‌బర్గ్ బిషప్. డుడూజా అనే నల్లజాతి వాడలో అంత్యక్రియలు జరుగుతున్నాయి. పోలీసులకు సమాచారం ఇస్తున్నాడన్న అనుమానంతో జనం ఒక మనిషిని పట్టుకొని కొట్టి, అతని కారుకు నిప్పంటించి, అతన్నీ ఆ మంటల్లో వేయబోయారు. టూటూ, మరికొందరు బిషప్‌లు ఆ గుంపులోకి చొరబడి, రక్తంతో తడిసిన ఆ మనిషిని లాగి బయటపడేశారు. కొద్ది రోజులకే అదే డుడూజాలో మాకీ స్కోసానా అనే యువతిని ఇలాంటి అనుమానంతోనే చంపేశారు. ఆ తరువాత జరిగిన మరొక అంత్యక్రియల సభలో, వేలమంది ఎదుట, ఇలాంటివి మళ్లీ జరిగితే నేను ప్రేమించే ఈ దేశాన్ని వదిలి వెళ్లిపోతానని ఆయన అన్నారు. ఆ వేళ ఆ గుంపును కాదనడానికి ఏ రాజకీయ నాయకుడికైనా చాలా లెక్కలు అడ్డం వస్తాయి. ప్రతి మనిషీ దేవుని పోలికలో సృష్టించబడ్డాడని బోధించేవాడికి, ఆ మనిషి గూఢచారి అయినా కాకపోయినా ఒకటే.

1986లో కేప్‌టౌన్ ఆర్చిబిషప్ అయ్యారు. ఆ పీఠమెక్కిన మొదటి నల్లజాతీయుడాయనే. ఆర్చిబిషప్ నివాసమైన బిషప్స్‌కోర్ట్ తెల్లవారికి కేటాయించిన ప్రాంతంలో ఉన్నందున అక్కడ ఉండటానికి ఆయన ప్రభుత్వ అనుమతి అడగాలి. ఆయన అడగలేదు, అయినా అక్కడే ఉన్నారు. 1989 సెప్టెంబరు 13న ఆయన, తదితరులు ముందు నడవగా సుమారు 30,000 మంది కేప్‌టౌన్ వీధుల్లో శాంతియాత్ర చేశారు. ఆ ఊరి పెద్దవయసు వారు ఆ రోజును మండేలా విడుదలైన రోజుతో సమానంగా తలచుకోవడం నేను విన్నాను. 1990 ఫిబ్రవరి 11న విడుదలైన మండేలా ఆ రాత్రి గడిపింది కూడా బిషప్స్‌కోర్ట్‌లోనే. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. మండేలా పార్టీ అయిన ఏఎన్‌సీ (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్)పై నిషేధం తొలగగానే, గురువులు ఎవరూ ఏ పార్టీలోనూ సభ్యులుగా ఉండకూడదని ఆయన సంఘం కట్టడి చేసింది. ఆయన సహచరులే కొందరు దీనికి నొచ్చుకున్నారు. అసలు నాయకులు చెరలోనో పరాయి దేశాల్లోనో ఉన్నందువల్ల ఇంతకాలం తాను ఆ స్థానంలో నిలబడవలసి వచ్చిందని ఆయన భావన. వారు తిరిగి రాగానే తప్పుకున్నారు. స్త్రీలకు గురుత్వ అభిషేకం ఇవ్వడానికి ఆయన సంఘం 1992లో అంగీకరించడం వెనుక ఆయన పట్టుదల ఎంతో ఉంది.

తెల్లవారిని క్షమించడం గురించి మీరు అడిగినదానికి నా మనసులో ఉన్నది సూటిగా చెబుతాను. వర్ణవివక్ష కాలపు నేరాలను విచారించడానికి ఏర్పడినది సత్య, సమన్వయ కమిషన్. 1995 చివర్లో దేశాధ్యక్షుడైన మండేలా టూటూను దానికి అధ్యక్షుడిగా నియమించారు. మొదటి విచారణ 1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్‌లో జరిగింది. పక్షవాతంతో చక్రాల కుర్చీలో ఉన్న సింగ్‌క్వోక్వానా మల్గాస్ అనే మాజీ ఖైదీ తాను పడిన చిత్రహింసలు చెబుతుంటే టూటూ బల్ల మీద తల పెట్టుకొని ఏడ్చారు. పత్రికలు తన కన్నీళ్ల చుట్టూ తిరిగి బాధితులను పక్కన పెట్టాయని గ్రహించి, ఇకపై సభలో ఏడవకూడదని నిర్ణయించుకున్నారు. ఇక క్షమాభిక్ష విషయానికి వస్తే, అది టూటూ దయ కాదు, చట్టం. 1960 మార్చి నుంచి 1994 మే వరకు రాజకీయ ఉద్దేశంతో చేసిన నేరాన్ని పూర్తిగా బయటపెట్టినవారికే అది వర్తిస్తుంది. పశ్చాత్తాపం చూపాలన్న షరతు కూడా అందులో లేదు. 7,000కు పైగా దరఖాస్తులు వస్తే మంజూరైనవి 849. అందరినీ తేలికగా వదిలేశారన్న మాటను ఈ అంకెలు ఒప్పుకోవు. అయితే పోలీసు నిర్బంధంలో చనిపోయిన ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో కుటుంబం వంటివారు, నేరస్థుడిని కోర్టుకు ఈడ్చే మా హక్కును ఈ చట్టం లాక్కుందని రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లి ఓడిపోయారు. వారి బాధ న్యాయమైనదేనని నేను నమ్ముతున్నాను.

ఏఎన్‌సీ జరిపిన హక్కుల ఉల్లంఘనలను కూడా కమిషన్ నివేదికలో రాసింది. 1998 అక్టోబరులో దాన్ని ఆపడానికి ఏఎన్‌సీ కోర్టుకు వెళ్లగా, నిన్నటి పీడితులు రేపటి పీడకులు కావచ్చన్న భావంతో టూటూ గట్టిగా ఎదిరించారు. కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. 2011లో తన 80వ పుట్టినరోజుకు దలైలామాకు వీసా రానప్పుడు ప్రభుత్వాన్ని తీవ్రంగా నిందించారు. 2013లో ఇక ఏఎన్‌సీకి ఓటు వేయనన్నారు. స్వలింగ సంపర్కుల పక్షాన నిలబడి తన సంఘంలోనే చాలామందికి కంటగింపయ్యారు. ఈ ఒక్క విషయంలో మన తెలుగు సంఘాల్లో అధిక సంఖ్యాకులు ఆయనతో ఏకీభవించరని నాకు తెలుసు.

కేప్‌టౌన్‌లోని నల్లజాతి వాడ గుగులేటులో పెరిగిన నా సహోద్యోగి ఒకామె, టూటూ మా చేత క్షమింపజేశాడు గానీ మా ఇంటికి ఏమీ రాలేదు అనేది. ఆమె కోపంలో సగం తప్పు చిరునామాకు చేరుతోందని నా అభిప్రాయం. బాధితులకు ఆరేళ్ల పాటు ఏటా సుమారు 17,000 నుంచి 23,000 రాండ్లు (ఆ దేశపు కరెన్సీ) ఇవ్వాలని కమిషన్ సిఫార్సు చేసింది. 2003లో ప్రభుత్వం ఒక్కసారి 30,000 రాండ్లు ఇచ్చి చేతులు దులుపుకొంది. క్షమాభిక్ష దొరకనివారిపైనా, అడగనివారిపైనా విచారణ జరపాలని కమిషన్ సుమారు 300 కేసులను ప్రాసిక్యూషన్ అధికారులకు అప్పగించింది. వాటిలో అత్యధికం ఏళ్ల తరబడి కదలలేదు. ఆ కేసులను ఎవరు, ఎందుకు అడ్డుకున్నారో తేల్చడానికి అధ్యక్షుడు రామఫోసా 2025లో న్యాయ విచారణ కమిషన్‌ను ప్రకటించారు. టూటూ బతికి ఉండగా పరిహారం గురించీ, ఆ విచారణల గురించీ పదే పదే అడుగుతూనే ఉన్నారు. మీరు ఆయన గురించి ఎక్కడైనా మాట్లాడబోతే, నోబెల్ బహుమతితో కాక 1976 నాటి ఉత్తరంతో మొదలుపెట్టి, కమిషన్ నివేదికకు ఆయన రాసిన ముందుమాట కూడా చదవండి. మీరు అడిగిన రెండో ప్రశ్నకు ఆయన సొంత మాటల్లో జవాబు అందులో దొరుకుతుంది.